గాల్లో ఉండేంతసేపు

ఖమ్మం బస్టాండు ఎదురుగా ఒక బిల్డింగు ఉంది. కింద జిరాక్స్ షాపు, పైన పళ్ల డాక్టరు, మధ్యలో ఉదయ్ భాస్కర్ గారి ట్రావెల్స్ ఆఫీసు. శ్యామల అక్కడ టిక్కెట్లు బుక్ చేస్తుంది. డిగ్రీ అయిన ఏడాదే చేరింది. వచ్చినవాళ్లకు కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పి మాట్లాడటం ఆమె పని. ఎవరొచ్చినా మొదట అడిగేది ఒక్కటే. ఎంత దూరం?

కొత్తలో ఆమె కిలోమీటర్లు చెప్పేది. ఉదయ్ భాస్కర్ అది విని పక్కకు పిలిచాడు. ఆయనది సత్తుపల్లి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. మాట మెత్తన, లెక్క గట్టి.

"కిలోమీటర్లు చెప్పకమ్మాయ్. వెయ్యి అనేసరికి మనిషి బెదిరిపోతాడు. గాల్లో ఎంతసేపుంటాడో అది చెప్పు. ఢిల్లీ రెండు గంటలు, బొంబాయి గంటన్నర. అయిపోయిద్ది."

"మరి ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టు దాకా పోయేది సార్?"

"అది వాళ్లకు తెలవదా? మనం అమ్మేది గాల్లో ముక్కే."

ఆయన చెప్పింది నిజమే. ఒకసారి వైరా నుంచి వెంకటప్పయ్య అనే రైతు వచ్చాడు. భార్యను కాశీకి తీసుకుపోవాలి. హైదరాబాద్ నుంచి రెండు గంటలండీ అని శ్యామల అనగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు పెద్దవి చేశాడు.

"రెండు గంటలా! పొద్దున వైరాలో ఎక్కిన బస్సు దార్లో చెడిపోయి, నీ ముందు కూర్చునేసరికే రెండు గంటలైంది. అంటే ఈపాటికి గంగలో మునిగి లేవాల్సింది నేను!"

ఆఫీసంతా నవ్వింది. టిక్కెట్లు తెగాయి. శ్యామల కూడా నవ్వింది. ఆమె ఎన్నడూ విమానం ఎక్కలేదు. అయినా నాలుగేళ్లలో ఆ జవాబు నోటికి ఎంత అలవాటైందంటే, ఎవరు ఏ ఊరి పేరెత్తినా ముందు గాల్లో ముక్క బయటికొచ్చేది. మిగతాది నాలుక కిందే ఉండిపోయేది.

ఈ ఏడు మే నెలలో, తునికాకు కోతలు ముగింపుకొచ్చిన రోజుల్లో, ఆమె తండ్రి గోపాలు పోయాడు.

భద్రాచలం దాటి చర్ల రోడ్డు మీద కొంత పోయాక, తారు వదిలి అడవిలోకి దిగే బండిబాట ఒకటి ఉంటుంది. దాని చివర రేగులగుంపు అనే గూడెం. ఇరవైకి పైచిలుకు ఇళ్లు. అందరూ కోయవాళ్లు, అందరిదీ ఒకే ఇంటిపేరు. గోపాలుకు కాలేయం చెడిపోయింది. దవాఖానాలో కొన్నాళ్లుంచి, ఇక ఇంటికాడనే మంచిగ చూసుకోండ్రి అని పంపారు. శ్యామల సెలవు పెట్టి వచ్చి తండ్రి దగ్గరే ఉంది. ఒక తెల్లవారుజామున ఆయన నిద్రలోనే పోయాడు. పక్కన పడుకున్న తల్లి నాగక్కకు కూడా తెలియలేదు. చెయ్యి తగిలితే చల్లగా ఉంది.

నాగక్క అరవలేదు. కూతుర్ని లేపి, "మీ అయ్య లేస్తలేడే" అంది.

శ్యామలకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా. చెవుల్లో నీళ్లు పోయినట్టు అంతా దూరంగా వినబడుతోంది. చేయాల్సిన పనేదని ఆలోచిస్తే తమ్ముడికి ఫోన్ చేయడం కనిపించింది. గుంపులో సిగ్నల్ బడి స్లాబు మీద తప్ప రాదు. చెప్పుల్లేకుండానే పోయి, నిచ్చెన వేసుకుని ఎక్కింది.

వీరబాబు గుజరాత్‌లో, కచ్ ఎడారి లోపల సోలార్ ప్లాంట్‌లో పలకలు తుడిచే పనిలో ఉన్నాడు. పొద్దెక్కితే ఆ గాజు మీద చెయ్యి పెట్టలేరు కాబట్టి వాళ్ల పని చీకటితోనే మొదలవుతుంది. ఫోన్ వెంటనే ఎత్తాడు.

"వీరబాబూ, అయ్య పోయిండు."

అవతల గాలి మోత వినబడుతోంది. "ఎప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడే. నిద్రల్నే."

"నేనొస్తున్న. నేనొచ్చేదాక ఉంచు అక్కా. ముఖం చూడాలె నేను."

"ఉంచుత."

"ఉంచుతరు గదా?"

"ఉంచుత అన్న గదరా."

అతను ఇంటికొచ్చి రెండేళ్లు దాటింది. అప్పుడప్పుడూ భద్రాచలం సంతకు పోయినప్పుడు గోపాలు వీడియో కాల్ చేయించుకునేవాడు గానీ, ఎన్నిసార్లు చెప్పినా ఫోన్‌ను చెవికే ఆనించుకునేవాడు. ముందర పెట్టుకుని మాట్లాడితే గొంతు పోదని ఆయన నమ్మకం. రెండేళ్లుగా కొడుక్కి తండ్రిలో కనిపించింది ఒక చెవి, దాని పక్కన నెరిసిన వెంట్రుకలు.

స్లాబు మీది నుంచే ఆమె ఉదయ్ భాస్కర్‌కు కూడా చేసింది. ఆయన నిద్ర గొంతుతో ఎత్తి, విషయం విని ఒక్కసారిగా తెలివిలోకి వచ్చాడు.

"అయ్యో భగవంతుడా! నువ్వేం కంగారుపడకమ్మాయ్. పిల్లాడి పేరు, వయసు పంపు చాలు, నేను చేస్తా." కీబోర్డు చప్పుడైంది. "కచ్ అన్నావ్ కదూ? అక్కడ్నుంచి అహ్మదాబాద్ వచ్చేసరికే పగలంతా అయిపోయిద్ది తల్లీ. సాయంత్రం ఫ్లైటే అందేది. అది దిగి, మళ్లీ రాత్రంతా మీ అడివి దారి. తెల్లారితేగానీ ఊళ్లో దిగడు. మీవాళ్లకు చెప్పావా?"

"చెప్త సార్."

చెప్పాలనే నిచ్చెన దిగింది.

రేగులగుంపులో మనిషి పోతే, శవం లేచేదాకా ఎవరూ పొయ్యి రాజేయరు. వేరే ఊళ్లలో ఆ నియమం చావు జరిగిన ఇంటి వరకే. ఇక్కడ ఇంటిపేరు ఒక్కటే కాబట్టి అన్నీ చావు ఇళ్లే. అందుకే పొద్దున పోయినవాణ్ని మధ్యాహ్నంలోపే సాగనంపుతారు. పొద్దు గూకాక లేపరు, తెల్లారేదాకా ఆగాల్సిందే. ఎవరైనా దూరం నుంచి రావాల్సి ఉంటే, ఆపమని అడిగేవాళ్లు గుంపు పెద్ద ముందు నిలబడి అడగాలి, ఎంతసేపో చెప్పాలి. ఆయన ఒప్పుకుంటే ఇంటింటికీ కబురు పోతుంది. ఆ తర్వాత ఇక లేపండని అనే హక్కు ఆపమన్న మనిషికే. ఇంకొకరు ఆ మాట ఎత్తకూడదు. ఆకలి గురించి చచ్చినవాడి ముందు మాట్లాడినట్టు అవుతుందని.

గుంపు పెద్ద దేవ్లా, గోపాలుకు తమ్ముడే. అన్న మంచం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. శ్యామల వచ్చి ఎదురుగా నిలబడింది.

"తమ్ముడు వస్తుండు చిన్నాయనా. ఆపాలె."

"వాడు ఏడున్నడే?"

"గుజరాత్‌ల."

"ఎంత దూరం?"

చెవుల్లో నీళ్ల మోత అలాగే ఉంది. ఆ మోతలోంచి ఆ ప్రశ్న ఒక్కటే ఆమెకు స్పష్టంగా వినబడింది, ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఎవరో అడిగినట్టు.

"అహ్మదాబాద్ నుంచి హైదరాబాద్ రెండు గంటలు చిన్నాయనా. ఇంక తక్కువే పడుతది."

"గాలిమోటర్లనా?"

"అవ్."

దేవ్లా లోకం తెలియనివాడు కాదు. పోడు పట్టాల ధర్నాకు హైదరాబాద్ పోయి వచ్చాడు. వేళ్లు మడిచి లెక్కేశాడు. "గాలిల రెండు గంటలు. హైదరాబాదు నుంచి ఇటు నాకెరుకే, బస్సైతే ఓ పూట, కారైతే జర జల్దీ. అయితే పొద్దు గూకకముందే దిగుతడు. ఆపుదాం."

అప్పుడు ఆమె ఇంకో మాట అనాల్సింది. వాడు అహ్మదాబాద్‌లో లేడు చిన్నాయనా, అక్కడికి చేరేసరికే పగలు గడుస్తది అనాలి. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంటే దేవ్లా అన్న ముఖం వైపు చూస్తాడు, ఎండ వైపు చూస్తాడు, వద్దు బిడ్డా అంటాడు. ఉంచుత అని తమ్ముడికి చెప్పి ఇంకా నిచ్చెన మెట్ల మట్టి చేతులకు పోలేదు.

"అవ్ చిన్నాయనా, గూకకముందే" అంది.

కబురు ఇంటింటికీ పోయింది. గాలిమోటర్ల వస్తుండట అని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎసరు పెట్టబోతున్నవాళ్లు గిన్నెలు బోర్లించారు. రాజుకున్న ఒకటి రెండు పొయ్యిల్లో నీళ్లు పోశారు. కాసేపటికి గుంపు మీద పొగ లేని ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఊరు ఖాళీ అయినట్టు అనిపించింది, మనుషులంతా అక్కడే ఉన్నా.

పొద్దెక్కేకొద్దీ ఎండ ముదిరింది. భద్రాచలం నుంచి ఫ్రీజర్ పెట్టె కిరాయికి తెచ్చారుగానీ, గుంపులో ఉన్న కరెంటుకు దాని మోటారు రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. తెచ్చిన డ్రైవరు వైరు అటు తిప్పి ఇటు తిప్పి, "మీ కరెంటు ఫోన్ ఛార్జింగుకే అన్నా, గీ పెట్టెకు సాలదు" అని తిరిగి ఎక్కించుకుపోయాడు. వేపమండలు కోసి మంచం చుట్టూ కట్టారు. తడిగుడ్డలు మార్చడం శ్యామల పని. బిందెలో ముంచడం, పిండటం, పరచడం, ఆరినదాన్ని తీయడం. తండ్రి ముఖం మీది గుడ్డ తీసినప్పుడల్లా ఆమె ఆ ముఖాన్ని తమ్ముడి కళ్లతో చూసింది. ఇంకా బాగానే ఉంది. ఇంకా చూడొచ్చు. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

పిల్లలకు మామిడికాయలు, తునికి పండ్లు తెచ్చిపెట్టారు. నిప్పు తగలనిది తినొచ్చు. ఎవరో రోడ్డు మీది దుకాణం నుంచి బిస్కెట్లు తెస్తే, అవి నిప్పు మీద కాల్చినవే కదా, పెట్టొచ్చా కూడదా అని తర్జనభర్జన మొదలైంది. గోపాలు అక్క భీమక్క గోడకు ఆనుకుని కూర్చుని అంతా విని తీర్పు చెప్పింది.

"ఆ నిప్పు మన నిప్పా? ఏ కంపినీ నిప్పో అది. మనోడు పోతే కంపినీ పొయ్యి ఆర్పుకున్నదా? తిననియ్యుండ్రి పోరగాండ్లను."

ఆమె మాత్రం పండు కూడా ముట్టలేదు. తోడబుట్టినదానికి ఆ పట్టింపు ఉంది. నీళ్లు తాగి ఊరుకుంది. ఆశా కార్యకర్త ఇచ్చిన షుగరు గోళీ మాత్రం అలవాటుగా పొద్దున్నే మింగేసింది. ఆ సంగతి శ్యామలకు తర్వాత తెలిసింది.

"అత్తా, గోళీ ఏసుకుంటే తినాలె గదా. ఏమన్న తిను."

"మీ అయ్య బతికుండంగ నాకు బువ్వ పెట్టిండానే? ఇగ సచ్చినంక పెడ్తడా?" అని భీమక్క తమ్ముడి మంచం వైపు మూతి తిప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. భీమక్క ఏడవలేదు. "నీ తమ్ముడు రానీ కోడలా. అందరం కలిసే తిందం. గాలిల వచ్చెటోనికి ఎంతసేపు?"

శ్యామల గుడ్డ ముంచడానికి బిందె దగ్గరికి పోయింది.

మధ్యమధ్య స్లాబు ఎక్కి వస్తోంది. ఒకసారి వీరబాబు దొరికాడు. కంపెనీ జీపు కొంతదూరం దింపిందట, ఇప్పుడు బస్సులో ఉన్నాడట.

"ఏడిదాక వచ్చినవ్‌రా?"

"ఏమో అక్కా. ఊరి పేర్లు సదువరాదు నాకు, అన్నీ గుజరాతీ. రెండు దిక్కుల ఉప్పే కనబడుతుంది. తెల్లగ." గొంతు తగ్గించి, "అయ్య ముఖం ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది."

"ఉబ్బలేదు గదా?"

"లేదు."

రెండోసారి చేసినప్పుడు బస్సు మారాడు. మూడోసారి ఎత్తలేదు. ప్రతిసారీ ఆమె నిచ్చెన దిగేటప్పుడు గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఒక తల్లి చంటిదానికి పాలిస్తూ, పాలు రాక అటు ఇటు మారుస్తోంది. శ్యామల దాటిపోతుంటే తలొంచుకుంది. ఆ తలొంచుకోవడం శ్యామలకు కనిపించింది. కనిపించినా లోపల ఎక్కడా తగల్లేదు. తగిలితే బాగుండనుకుంది.

పొద్దు పడమటికి తిరిగి చాలాసేపైంది. దేవ్లా రెండు మూడుసార్లు బండిబాట మొదలుదాకా నడిచి, తారురోడ్డు వైపు చూసి వచ్చాడు. అప్పుడు ఫోన్ మోగింది. శ్యామల స్లాబు మీదే ఉంది.

"అక్కా, ఎక్కుతున్న. గాలిమోటర్ల కూసున్న." వెనక ఎవరో ఆడమనిషి హిందీలో, ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. "పక్కాయన నడుముకు బెల్టు పెట్టిండు నాకు. ఫోన్ బంద్ చెయ్యమంటుండ్రు. అయ్య అట్లనే ఉన్నడా?"

"ఉన్నడు."

"నేనొచ్చేదాక..."

ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. కాసేపటికి ఉదయ్ భాస్కర్ నుంచి మెసేజ్: ఫ్లైట్ లేచిందమ్మాయ్.

ఆమె నిచ్చెన సగం దిగేసరికి ఇంటివైపు నుంచి కేకలు వినిపించాయి. భీమక్క పడిపోయింది. గోడ వారగా ఒరిగిపోయి, ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసి ఉంది. శ్యామలకు ఏం చేయాలో తెలుసు. చక్కెర డబ్బా అందుకుని, నీళ్లలో కలిపి, నోరు తెరిచి పోయబోయింది. భీమక్క పళ్లు బిగించింది.

"తాగు అత్తా. నీళ్లే ఇవి. ఉత్త నీళ్లు."

"తియ్యగున్నయి" అంది భీమక్క, గొంతులోంచి కాదు, ఎక్కడి నుంచో.

"నీళ్లే ముసల్దానా, మింగు!" అని దేవ్లా కసిరాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని గడ్డం పట్టుకున్నాడు. రెండు గుక్కలు లోపలికి పోయాయి. ఇంకో రెండు. కొంతసేపటికి భీమక్క కళ్లు మనుషులను గుర్తుపట్టాయి. తన చీర తడిసింది చూసుకుని, "గిట్ల తడిపిండ్రేందే" అంది. ఎవరూ నవ్వలేదు.

శ్యామల అక్కడే నేల మీద కూర్చుంది. చేతిలో ఇంకా చెంచా ఉంది. లెక్క ఆమె తలలో తనంతట తానే నడిచింది, తెర మీద టైమింగులు దిగినట్టు. విమానం దిగేసరికి పొద్దు గూకుతుంది. ఆ పైన రాత్రంతా రోడ్డు. ఈ పొయ్యిలు రేపు పొద్దుదాకా చల్లగానే ఉండాలి. ఈ ముసలిది రాత్రి గోళీ కూడా వేసుకుంటుంది. తండ్రి ముఖం రేపటికి ఇలా ఉండదు. ఇవన్నీ ఆమెకు పొద్దున్నే తెలుసు. ఇప్పుడు కొత్తగా తెలిసిందల్లా, ఎవరూ అడగరని. ఆమె చెప్పేదాకా ఇంతమందీ ఇలాగే కూర్చుంటారని.

లేచి దేవ్లా ముందు నిలబడింది.

"చిన్నాయనా, లేపుండ్రి."

దేవ్లా తలెత్తాడు.

"వాడు పొద్దు గూకకముందు రాడు. రేపు తెల్లారినంకనే వస్తడు. నాకు పొద్దుగాల్నే తెలుసు. గాలిల ఉండేదే నీకు చెప్పిన."

ఆమె తిట్టు కోసం ఆగింది. దేవ్లా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మాకు పగటీలికే సమజైందిలే. పొద్దుగాల్నే గాలిమోటర్ ఎక్కినోడైతే నువ్వు మాటిమాటికి ఆ స్లాబు ఎందుకెక్కుతవ్? అడగరాదు గనక అడగలె."

"గట్లైతే..."

"అడగరాదు బిడ్డా" అన్నాడు మళ్లీ, చంటిపిల్లకు చెప్పినట్టు.

నాగక్క పొద్దున్నుంచీ మంచం కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. ఇప్పుడు కూతురి వైపు తిరిగింది.

"పిల్లగాడు ఏడున్నడే ఇప్పుడు?"

"గాలిల ఉన్నడమ్మా."

"చెప్పరాదా వానికి?"

"దిగేదాక ఫోన్ పోదు."

నాగక్క భర్త కాళ్ల మీది గుడ్డ సరిచేసింది.

"అయితే జల్దీ లేపుండ్రి. వాని చెవుల పడకముందే లేపుండ్రి."

అంతే. ఆ తర్వాత పని చకచకా సాగింది. పొద్దున్నుంచీ పనిలేక బరువెక్కిన చేతులు ఒక్కసారిగా కదిలాయి. పొద్దున్నే గుంపు పక్కనున్న వాగు అవతల పేర్చిపెట్టిన కట్టెలను చూసుకోవడానికి ఇద్దరు ముందు పోయారు. డోలు మొదలైంది. స్నానం చేయించారు, కొత్తగుడ్డ కప్పారు. తల వైపు ఎవరు పట్టాలనే దగ్గర ఆగారు. అది కొడుకు పట్టాల్సిన చోటు. ఆపమన్న మనిషే ఆ చోట నిలబడాలన్నాడు దేవ్లా. శ్యామల చున్నీ నడుముకు చుట్టుకుని మంచం కోడు భుజానికెత్తుకుంది. బరువనిపించలేదు. తండ్రి ఇంత తేలికా అని కూడా అనిపించలేదు. ముందు నడిచేవాళ్ల మడమలు చూస్తూ అడుగులో అడుగు వేసింది.

వాగులో నీళ్లు లేవు. ఇసుక ఇంకా కాలుతోంది. అవతలి గట్టున మంచం దించి, ముఖం మీద గుడ్డ తీసి, అందరూ ఆఖరుసారి చూశారు. ఆమె ఫోన్ తీసింది. ఒక ఫోటో తీద్దామా అనుకుంది, తమ్ముడి కోసం. ఎండకు తెర నల్లగా కనిపించింది. అందులో తన ముఖమే కనిపించింది. ఫోన్ మళ్లీ నడుములో దోపుకుంది. అలా తీసిన ముఖం వాడు అడిగిన ముఖం కాదు.

నిప్పు దేవ్లా పెట్టాడు. కట్టెలు ఎండి ఉన్నాయి, వెంటనే అందుకున్నాయి.

తిరిగొచ్చేసరికి గుంపులో ఆడవాళ్లు పొయ్యిలు రాజేస్తున్నారు. ఒక ఇంట్లోంచి మొదలై, ఆ ఇంటి నిప్పు పక్కింటికి, పక్కింటిది ఆ పైయింటికి పోయింది. పొగ నిటారుగా లేచి, గుడిసెల మీద ఒకటిగా కలిసింది. పిల్లలు గిన్నెల చుట్టూ చేరి, ఉడకని బియ్యం కోసం చేతులు పెడుతూ దెబ్బలు తింటున్నారు. భీమక్కకు ముందుగా గంజి వార్చి తెచ్చారు. ఆమె ఊదుకుంటూ తాగుతూ, "ఉప్పేసిండ్రానే గంజిల?" అని గొణిగింది. శ్యామల ముందు కూడా ఒక గిన్నె పెట్టారు. ఆమె తీసుకోకుండా బడి వైపు నడిచింది.

స్లాబు మీద సిమెంటు ఇంకా వెచ్చగా ఉంది. కూర్చుంది. వాగు అవతల మంట కనిపిస్తోంది, కానీ చెట్ల వెనక నుంచి ఎర్రగా, పొద్దుదో మంటదో తెలియకుండా. ఆఫీసులో రోజూ ఇన్ని విమానాలు పంపిస్తుంది. దిగిన తర్వాత ఒక్కరితోనూ మాట్లాడి ఎరగదు.

ఫోన్ మోగింది.

"అక్కా, దిగిన." వీరబాబు గొంతులో పరుగు ఉంది. చుట్టూ చక్రాల చప్పుడు, కార్ల హారన్లు. "బయటికొచ్చేసిన. సామాన్లేం తేలె నేను. అక్కా, ఈడ ఒక డ్రైవరన్న ఉన్నడు. ఏడ ఆపకుండ కొడితే నడిజాము దాటంగనే దింపుత అంటుండు. కారు మాట్లాడనా? బస్సైతే తెల్లారుతదట. ఏం జెయ్యాలె?"

ఆమె నోరు తెరిచింది. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు.

"బస్సుకే రారా" అంది.

"బస్సుకా?"

"అవ్. ఎయిర్‌పోర్టు నుంచి ఎమ్జీబీఎస్ బస్టాండుకు పో. అక్కడ భద్రాచలం బస్సులు రాత్రంతా ఉంటయ్. సూపర్ లగ్జరీ ఎక్కు. సీటు వెనక్కి పడుతది, పండుకోవచ్చు."

ఇంకా చెప్పాల్సింది ఉందని శ్యామలకు తెలుసు. అయ్యను లేపినం అనాలి. అమ్మ చెప్పింది అనాలి, అత్త పడిపోయింది అనాలి. కానీ అవేవీ చెప్పకముందే అవతల ఊపిరి మారింది. పరుగెత్తి వచ్చి ఎవరో ఒక్కసారిగా నిలబడిపోయినట్టు.

"తిన్నవా ఏమన్న?" అంది.

ఫోన్ ఆగలేదు. చక్రాలు పోతున్నాయి, ఎవరో పేరు రాసిన అట్ట పట్టుకుని అరుస్తున్నట్టున్నారు. ఆ చప్పుళ్లలో డ్రైవరు గొంతు దగ్గరగా వినిపించింది. "ఏమన్నా, పోదమా? బండి తియ్యాల్నా?"

"వద్దన్నా" అన్నాడు వీరబాబు. "తొందరేం లేదు."